ఊడ్చుట వేరు, చెరుపుట వేరు

తెలుగింటి ఇల్లాలు 'శుభ్రము చేయుము' అని ఊరక చెప్పదు. ఇల్లు ఊడ్వుమనును, అంట్లు తోముమనును, బట్టలు ఉతుకుమనును, బియ్యము ఏరుమనును, పప్పు చేటలో పోసి చెరుగుమనును, పలక తుడువుమనును. పైకి చూడగా పని ఒక్కటే, మాటలు మాత్రము వేరు. ఊడ్చునప్పుడు దుమ్ము పోవును, నేల నిలుచును. ఏరునప్పుడు రాళ్లు పోవును, గింజ నిలుచును. పలక తుడిచినప్పుడో, దానిమీద వ్రాసినదంతయు పోవును. ఈ భేదము నెరుగని క్రొత్త పనిమనిషితో 'ఆ గది శుభ్రము చేయుము' అని మాత్రము చెప్పి పొరుగూరు వెళ్లిన యజమాని, తిరిగి వచ్చునప్పటికి పద్దుల కాగితములు పొయ్యిలో కాలిపోయి యుండుట చూచినచో, తప్పు పనిమనిషిది మాత్రమే కాదు. ఆ ఒక్క మాటది కూడ.

నేడు కంప్యూటరు లోకమున సరిగా ఈ చిక్కే వచ్చి పడినది. అచ్చట క్రొత్తగా పనికి చేరినది మనుష్యుడు కాదు, ఏఐ ఏజెంటు. ప్రశ్నకు జవాబు చెప్పి ఊరకుండునది కాక, ఒక పని అప్పగించినచో దానిని మెట్లుమెట్లుగా విడదీసికొని, కావలసిన పనిముట్లను తానే ఎన్నుకొని, వరుసగా నడిపించు కృత్రిమ మేధకు ఆ పేరు. చిట్టాలను వెదకుటయు, సరిదిద్దుటయు, పనికిరాని వానిని తొలగించుటయు ఇప్పుడు దాని చేతికి వచ్చుచున్నవి. ఏ పనిముట్టు ఏమి చేయునో దానికి తెలియుట ఎట్లు? ఆ పనిముట్టును గూర్చి ఎవరో వ్రాసిపెట్టిన నాలుగు వాక్యములవలన. ఆ నాలుగు వాక్యములు ఎట్లున్నవి అనునదే నేటి ప్రశ్న.

రిజిస్టరులోని కొట్టివేతలు

డేటాబేసు అనగా సమాచారమును వరుసలుగను గడులుగను అమర్చి దాచిన చిట్టా. దానిని ఊడ్వవలసిన అవసర మేమి? పాఠశాలలోని అడ్మిషను రిజిస్టరును తలచుకొన్నచో ఈ సంగతి సులభముగా బోధపడును. అందులో ఒక విద్యార్థి పుట్టిన తేది తప్పుగా పడినచో దానిని గీకివేయరు. పాత తేదిని ఒక గీతతో కొట్టి, ప్రక్కన సరియైన తేదిని వ్రాసి, ప్రధానోపాధ్యాయుడు సంతకము చేయును. పోస్టుగ్రెస్ అను ప్రసిద్ధ డేటాబేసు నడచునది ఇంచుమించు ఈ పద్ధతినే. 1986లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకరు ఆధ్వర్యమున వెలువడిన పరిశోధన దీనికి మూలము. ఇందులో ఒక వరుసను మార్చినచో పాత వరుస ఉన్నచోటనే ఉండును. సవరించిన వరుస వేరుగా వ్రాయబడును. ఆ క్షణమున అదే చిట్టాను చదువుచున్న మరియొకనికి ఆటంకము కలుగకుండుటకే ఈ ఏర్పాటు. ఆ చదువువారందరును ముగించిన పిదప పాత వరుసతో ఎవరికిని పనిలేదు. అది మృత వరుస.

ఇట్టి మృత వరుసలు పేరుకొనినకొలది చిట్టా ఉబ్బును; వెదకుట ఆలస్యమగును. అందుచేత పోస్టుగ్రెస్‌లో 'వాక్యూమ్' అను ఆజ్ఞ కలదు. అది మృత వరుసలు ఆక్రమించిన చోటును క్రొత్త వరుసలకు వదలిపెట్టును. ఇది బ్రతికియున్న సమాచారమును ముట్టదు. చదువుటయు వ్రాయుటయు సాగుచుండగనే తన పని తాను చేసికొనును. 2008లో వెలువడిన 8.3వ కూర్పు నుండి ఈ ఊడ్పు ఎవరును చెప్పకయే తనంతట జరుగునట్లు ఏర్పాటైనది. ఊడ్వకుండుటయు ప్రమాదమే. ప్రతి మార్పునకును ఒక క్రమసంఖ్య పడును. ఆ సంఖ్యలు సుమారు 400 కోట్లతో ముగిసి మరల మొదటికి వచ్చును. సకాలమున ఊడ్పు జరుగనిచో పాత వరుసలు ఇంకను పుట్టని వానివలె కనిపించి, ఉండియు లేనివగును. ఆ దుర్గతి పట్టకముందే డేటాబేసు క్రొత్త మార్పులను నిరాకరించి ఆగిపోవును.

ఇంతవరకు బాగుగనే ఉన్నది. చిక్కు తరువాతి మాటలో ఉన్నది. వాక్యూమ్ అను ఆజ్ఞకు ప్రక్కన 'ఫుల్' అను ఒక్క మాట చేర్చినచో పని స్వభావమే మారిపోవును. అప్పుడు అది చిట్టా మొత్తమును క్రొత్త పుస్తకములోనికి ఎత్తివ్రాయును. అందుకు అదనపు చోటు కావలెను. వ్రాత ముగియువరకు ఆ చిట్టాను మార్చుట అటుండ, చదువుటకు కూడ ఎవరికిని వీలుండదు. 'పూర్తిగా శుభ్రము చేయుట మంచిదే కదా' అని తలచి, పట్టపగలు, వేలకొలది జనము ఉపయోగించుచున్న వేళ దానిని నడిపిన ఏజెంటు దుర్మార్గురాలు కాదు. మాటను మాటగానే నమ్మినది, అంతే. పోస్టుగ్రెస్ వివరణ గ్రంథము ఈ భేదమును దాచలేదు. రెండింటికిని ఏమి తేడాయో, దేనికి ఎంత మూల్యమో స్పష్టముగా చెప్పినది. చదివినవారికి అది రక్ష.

సీక్వలైట్ అను మరియొక చిన్న డేటాబేసు కలదు. 2000లో రిచర్డ్ హిప్ సృష్టించిన ఇది నేడు జేబులోని ఫోనులందెల్ల ఉన్నది. దానిలోను వాక్యూమ్ అను ఆజ్ఞయే ఉన్నది గాని దాని నడక వేరు. అది ఫైలు నంతటిని తిరిగి వ్రాయును. ఆ తిరుగవ్రాతలో, వరుసలకు యజమాని స్వయముగా సంఖ్యలు ఏర్పరచి యుండనిచో, వాని అంతరంగ సంఖ్యలు మారవచ్చును. రిజిస్టరును క్రొత్త పుస్తకములోనికి ఎత్తివ్రాయగా విద్యార్థుల రోలు నంబర్లు మారిపోయినట్లు! వెనుకటి నంబర్లతో వేసిన మార్కుల పట్టీ ఏమి కావలెను? ఈ హెచ్చరికయు దాని వివరణ గ్రంథములో వ్రాసియే ఉన్నది. పేరు ఒకటైనను పని ఒకటి కాదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఒక రాత్రి జరిగిన కథ

వివరణలో ఒక్క వాక్యము లోపించినచో ఏమి జరుగునో లోకమునకు తెలిసినది 2017 జనవరి 31వ తేది రాత్రి. అప్పటికి ఏజెంట్లు లేవు, పనిచేసినవారు మనుష్యులే.

ప్రోగ్రాములు వ్రాయువారు తమ పనిని భద్రపరచుకొని పదిమందితో పంచుకొనుటకు గిట్‌ల్యాబ్ అను సంస్థ ఒక వసతిని నడుపుచున్నది. దానికి ప్రధాన డేటాబేసు సర్వరొకటి, దానికి ప్రతిబింబమువంటి సర్వరు మరియొకటి ఉండెను. ఆ రాత్రి పనిభారము పెరిగి, ప్రతిబింబము వెనుకబడి, కడకు నిలిచిపోయెను. దానిని తిరిగి నడిపింపవలెనన్న అందలి పాత సమాచారమును తీసివేసి, ప్రధాన సర్వరు నుండి మొత్తమును మరల నకలు చేయవలెను. ఇంజనీర్లు నకలు చేయు పనిముట్టును నడిపిరి. అది ఉలుకక పలుకక కూర్చుండెను. నిజమునకు దానికి వచ్చిన రోగ మేమియు లేదు. ప్రధాన సర్వరు నుండి సమాచారము రా నారంభించువరకు మౌనముగా వేచియుండుట దాని స్వభావము. ఆ సంగతి సంస్థవారి పనిపుస్తకములో లేదు; ఆ పనిముట్టు అధికారిక వివరణలోను స్పష్టముగా లేదు. సంస్థవారు పిదప ప్రకటించిన నివేదికలో ఈ మాట వారే చెప్పుకొనిరి.

మౌనమునకు అర్థము తెలియనివాడు దానికి తన ఊహను జోడించును. పనిచేయుచున్న ఇంజనీరు, ప్రతిబింబములో మిగిలియున్న పాత ఫోల్డరే అడ్డమని తలచి, దానిని తొలగింప బూనెను. కాని ఆజ్ఞ తగిలినది ప్రతిబింబమునకు కాదు, ప్రధాన సర్వరునకు. ఒకటి రెండు క్షణములలోనే పొరపాటు గ్రహించి ఆపెను. అప్పటికే సుమారు 300 గిగాబైట్ల సమాచారము పోయినది.

పోయిన పిదప అందరును నిల్వ నకళ్లకొరకు పరుగెత్తిరి. ప్రతిదినము తీయబడుచున్న దనుకొన్న నకలు అసలు తీయబడుటయే లేదు. డేటాబేసు 9.6వ కూర్పు కాగా, నకలు తీయు పనిముట్టు 9.2వ కూర్పుది; అది ప్రతిసారియు విఫలమగుచుండెను. ఆ వైఫల్యమును తెలుపు ఈమెయిళ్లను, తగిన సంతకము లేదని స్వీకరించు సర్వరు త్రోసిపుచ్చుచుండెను. వేరొక విధమైన నిల్వ డేటాబేసు సర్వర్లకు ఏర్పాటే కాలేదు. కడకు, వేరొక పనికొరకు ఆరుగంటల ముందు చేతితో తీసిన ఒక ప్రతి దొరకుటచే సంస్థ బ్రతికినది. ఆ ఆరుగంటల కాలమున చేరిన సమాచారము మాత్రము తిరిగి రాలేదు. కనీసము 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, సుమారు 700 క్రొత్త ఖాతాలు ఆ నష్టమునకు లోనైనవి.

ఆ సంస్థ ఇంజనీరును వేలెత్తి చూపలేదు. జరిగినదానిని జరుగుచుండగనే లోకమునకు తెలిపి, తమ లోపములను ఒక్కొక్కటిగ వ్రాసి ప్రకటించెను. ఆ వ్రాతవలననే నేడు ఈ కథ పాఠముగా మిగిలినది.

క్రొత్త పనిమనిషి

మనుష్యునికి వ్రాతలో లేనిది తెలిసికొనుటకు మరి నాలుగు దారులున్నవి. ప్రక్క బల్లవద్దనున్న అనుభవజ్ఞుని అడుగును. యజమాని ముఖము చూచి వెనుకాడును. 'ఇది మొన్న ఎవరికో ప్రాణసంకటము తెచ్చినది' అని విన్నది గుర్తుకు వచ్చును. చేయి వణకును. ఆ వణకు కొన్నిసార్లు గొప్ప కాపలాదారు. ఏజెంటునకు చేయి లేదు, వణకు లేదు. దాని కంటికి పనిముట్టు అనగా ఒక పేరు, ఒక వివరణ, ఏ ఏ సమాచారము ఇచ్చి నడుపవలెనో తెలుపు ఒక పట్టిక; ఇంతే. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అను ఒడంబడికయు ఏజెంటునకు పనిముట్లను ఈ రూపముననే పరిచయము చేయును. లోపలి యంత్రాంగమును ఏజెంటు చూడదు. వాకిట వ్రాసిన బోర్డును చదివి లోనికి పోవును.

2025 జూలైలో జరిగిన సంఘటన దీనికి తార్కాణము. జేసన్ లెమ్కిన్ అను అమెరికా వ్యాపారవేత్త రెప్లిట్ సంస్థవారి ఏజెంటుతో ఒక ప్రోగ్రామును వ్రాయించుచుండెను. ఏ మార్పును చేయరాదని ఆజ్ఞాపించియున్న సమయముననే ఆ ఏజెంటు వాడుకలోనున్న డేటాబేసును చెరిపివేసెను. 1,200కు పైగా సంస్థాధికారుల వివరములును, అంతకు కొంచెము తక్కువగా కంపెనీల వివరములును అందులో నుండెను. పోయినవానిని తిరిగి తెచ్చుట సాధ్యము కాదని కూడ అది చెప్పెను. ఆ మాట తప్పు. యజమాని స్వయముగా ప్రయత్నింపగా సమాచారము తిరిగి వచ్చినది. రెప్లిట్ అధిపతి అంజద్ మసాద్ ఇట్టిది జరుగుట క్షమింపరాని దని ఒప్పుకొనెను. పరీక్షకై వాడు డేటాబేసును, వాడుకలోని డేటాబేసును వేరుచేయు ఏర్పాటును ప్రకటించెను. తగిన అంతరంగ వివరణ పత్రములు ఏజెంటునకు అందుబాటులో లేకుండుటను కూడ ఆయన లోపములలో చేర్చి, ఇకమీదట అది వానిని తప్పక వెదకి చదువునట్లు చేయుచున్నామని చెప్పెను.

తిరిగి తెచ్చు మార్గము ఉన్నది. అది ఉన్నదని ఏజెంటునకు తెలియదు. ఔషధము ఇంట నుండగనే రోగికి ఆశ లేదని చెప్పిన వైద్యుని వంటిది ఈ సంగతి.

రెండు వివరణలు

చిట్టాలను శుభ్రపరచు ఒక పనిముట్టునకు ఎవరో ఈ విధముగా వివరణ వ్రాసినారనుకొనవలెను: 'పాత రికార్డులను శుభ్రపరచును.' మూడు మాటలలో మూడు చీకట్లు. పాత అనగా ఎన్నాళ్లది? రికార్డులనగా ఏ పట్టికలోనివి? శుభ్రపరచుట యనగా ఊడ్చుటయా, ఏరుటయా, తుడుచుటయా?

అదే పనిముట్టునకు మరియొకరు ఇట్లు వ్రాయవచ్చును: 'ముగిసిన లాగిన్ల పట్టికలో 90 దినములు దాటిన వరుసలను శాశ్వతముగా తొలగించును. ఇతర పట్టికలను తాకదు. తొలగించినవి ఈ పనిముట్టుతో తిరిగి రావు. లెక్క మాత్రము చూపుమని కోరినచో ఎన్ని వరుసలు పోవునో చెప్పును, ఏమియు తొలగింపదు. 1,000 వరుసలకు మించినచో ఆగి, మనుష్యుని అనుమతి కోరును. తొలగింపదగినవి లేనిచో లేవని చెప్పును, మౌనముగా నుండదు.'

రెండవ దానిలో అలంకారము లేదు, పాండిత్యము లేదు. అయినను అది మంచి రచన. ఏమి చేయునో చెప్పినది. ఏమి చేయదో చెప్పినది. చేసినది మరలునో మరలదో చెప్పినది. చేయకముందే ఫలితమును చూచుకొను దారి చూపినది. మౌనమునకు తావు లేకుండ చేసినది. గిట్‌ల్యాబ్ రాత్రివేళ లోపించినది ఈ కడపటి గుణమే.

తన లోపమును తానే చెప్పుకొనుట ఈ విద్యలో పాత సంప్రదాయము. 1971 నవంబరు 3వ తేదితో వెలువడిన యూనిక్సు తొలి కరదీపికను కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అనువారు సమకూర్చిరి. అందులో ఆజ్ఞల వివరణలలో 'లోపములు' అను శీర్షిక ఉండెను. సరకు అమ్ముకొనువాడు సాధారణముగా దాచునది అదియే. సీక్వలైట్ వారైతే తమ డేటాబేసును పాడుచేయు విధము లెన్నియో చెప్పుటకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే వ్రాసిరి. దొంగకు దారి చూపుటకు కాదు. గుంతలున్న చోట దీపము పెట్టుటకు.

ఏజెంట్ల పనిముట్లకును ఇట్టి నియమములు ఏర్పడుచున్నవి. పైన చెప్పిన ప్రోటోకాల్‌నకు 2025 మార్చిలో వచ్చిన సవరణలో, ప్రతి పనిముట్టును తన స్వభావమును తెలుపు గుర్తులు ధరింపవచ్చునని చేర్చిరి. ఇది చదువుట మాత్రమే చేయునా? ఉన్నదానిని నాశనము చేయగలదా? రెండుసార్లు నడిపినను ఒకసారి నడిపినట్లే యుండునా? ఇవి ఆ గుర్తులు. ఏమియు చెప్పనిచో ఆ పనిముట్టు నాశనము చేయగలదనియే భావింపవలెనని అందలి నియమము. చిన్నదైనను వివేకముగల నియమము. సీసామీద పేరు లేనిచో అందులో నున్నది విషమనుకొనుటయే ఇంటికి క్షేమము కదా.

మాటకు మించిన కాపలా

అయినను మంచి వివరణ ఒక్కటే చాలునని చెప్పరాదు. లెమ్కిన్ వృత్తాంతములో 'మార్పులు చేయవద్దు' అను మాట స్పష్టముగనే ఉండెను. ఏజెంటు దానిని దాటిపోయినది. ముందు చెప్పిన గుర్తులు కూడ సూచనలు మాత్రమే యని, నమ్మదగని చోటినుండి వచ్చినచో వానిని విశ్వసింపరాదని ఆ ప్రోటోకాలే చెప్పుచున్నది. 'లోనికి రావద్దు' అను బోర్డు మర్యాదస్థుని ఆపును. తక్కినవారికి తాళము కావలెను. చదువుటకు మాత్రమే అధికారమిచ్చిన తాళపుచెవి, పరీక్షల చిట్టాను వాడుక చిట్టానుండి వేరుచేసిన గోడ, తొలగింపునకు ముందు మనుష్యుని సమ్మతి, నిజముగా తిరిగి తెచ్చి చూచిన నిల్వ నకలు: ఈ నాలుగును మాటకు వెనుక నిలువవలసిన కాపలాలు. తీసితిమనుకొన్న నకలు నకలు కాదు. తిరిగి తెచ్చి చూచినదే నకలు.

కాని తాళము వేయువాడు ఏ గదికి వేయవలెనో తెలిసికొనునది కూడ వ్రాతవలననే. ఏ పనిముట్టు ఊడ్చునో, ఏది చెరుపునో వ్రాసిపెట్టనివాడు తాళమును సరియైన తలుపునకు వేయలేడు. అందుచేత మొదటి కాపలా మాటయే; తక్కినవన్నియు దానిపై నిలిచినవి.

ఈ విద్య పాఠశాలకు దూరమైనది కాదు. మూడవ గంటలో ఒక ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క సగము వేసి, గంట కొట్టగా, మూలన 'తుడువవద్దు' అని వ్రాసి వెళ్లును. నాలుగవ గంటకు వచ్చినవాడు సుద్దముక్క చేతబట్టి నిలుచును. తుడువరానిది బల్ల మొత్తమా, ఆ మూలయా? ఈనాటికా, రేపటివరకా? వ్రాసిన దెవరు? అడుగుటకు ఆయన లేడు. అదే ఉపాధ్యాయుడు లెక్క చుట్టు ఒక గీత గీచి, 'ఈ గడిలోనిది శుక్రవారమువరకు ఉంచవలెను. తక్కినది తుడువవచ్చును' అని వ్రాసి, క్రింద తన పేరు పెట్టియుండిన, ఆ సందేహములలో ఒక్కటియు పుట్టదు. అందుకు పట్టునది అర నిమిషము. ఆ అర నిమిషమును వెచ్చించుట బడిలో నేర్చిన బాలుడు, రేపు ఏ సర్వరు ఎదుట కూర్చున్నను, తాను ఎన్నడును చూడని చదువరికొరకు ఆ గీతను గీయును. ఆ చదువరి మనుష్యుడైనను సరే, యంత్రమైనను సరే.